ఆఖరి మెట్టు తర్వాత

సాయంత్రం ఆరు. సన్నగా వాన.

తల్లి వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. హాల్లో బల్ల దగ్గర కూతుళ్లిద్దరూ చెరో లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నారు. ఒకే కంపెనీ, ఒకే ఉద్యోగం, ఆఖరి పరీక్ష. జవాబు ఎనిమిదిలోగా పంపాలి. పెద్దదానికి ఇది మూడో ప్రయత్నం. చిన్నది ఊరికే, అక్కకు తోడుంటుందని దరఖాస్తు పెట్టింది.

ప్రశ్న చూడ్డానికి సులువే. ఒక వరుసలో అంకెలిస్తారు. పక్కపక్క అంకెలు పెరిగాయా, సమానమా, తగ్గాయా చూడాలి. వాళ్లు చెప్పిన ఎగుడుదిగుళ్ల వరస అందులో ఎన్నిచోట్ల దొరుకుతుందో ప్రోగ్రాము రాసి తేల్చాలి.

చిన్నది టీ చల్లారేలోపే ముగించి కాళ్లూపుతూ కూర్చుంది. పెద్దదానికి మాత్రం ఎలా రాసినా ఒకటి తక్కువే వస్తోంది.

"చివర చూడక్కా."

"నిన్నడిగానా?"

"అడక్కపోయినా చెప్పే మంచిదాన్ని."

"నీ మంచితనం నీ దగ్గరే దాచుకో."

మెట్లు కిర్రుమన్నాయి.

ఆ ఇంట్లో ఎవరికి కడుపుమంట పుట్టినా మేడమెట్లు కదులుతాయి. ఒకటి లేస్తుంది, ఒకటి కుంగుతుంది. తోడికోడలు కారు కొన్న వారమంతా, తల్లి పుణ్యమా అని, ఇంటిల్లిపాదీ గోడ పట్టుకుని ఎక్కారు. "కారు వాళ్లది, మోకాళ్లనొప్పులు మనవి," అన్నాడు బస్సు నడిపే తండ్రి. అంతే. మేస్త్రీని పిలుద్దామని కూడా ఎవరూ అనలేదు.

వాన జోరందుకుంది.

"మేడమీద బట్టలు!" అంది తల్లి.

పెద్దది కదల్లేదు. పనైపోయినవాళ్లే కదా వెళ్లాలి. చిన్నది కూనిరాగం తీస్తూ రెండేసి మెట్లెక్కి పోయింది.

ఆ రాగానికి పెద్దది పళ్లు నూరింది. దానికి అన్నీ ఇలాగే. మాటలు ముందే వచ్చాయి. మార్కులు చదవకుండానే వచ్చాయి. చివరికి నిద్ర కూడా తల వాల్చగానే పడుతుంది. ఇప్పుడు ఈ ఒక్క ఉద్యోగం. ఇదీ దానికి సరదాకే వచ్చేస్తుంది.

కరెంటు పోయింది. చీకట్లో మెట్లు గరగరమంటూ కదిలాయి. తల్లి కత్తి కింద పెట్టి హాల్లోకి వచ్చింది.

"ఆగవే! మెట్లు బాగాలేవు."

"తడిసి ముద్దవుతున్నానమ్మా! అక్కా, లైటు కొట్టు."

పెద్దది వచ్చి మెట్ల కింద నిలబడి ఫోన్ లైటు మెట్లమీద వేసింది. చిన్నదాని చేతుల్లో గడ్డందాకా బట్టలు. కాళ్లు దానికి కనబడవు.

"బట్టలు వదిలెయ్యవే," అంది తల్లి.

"మళ్లీ నువ్వే తిడతావు."

"ఇది బాగా కింద. కాలు చాపు," అంది పెద్దది. లైటు జరిపింది. "ఇది దానికి సమానం. జారకుండా రా. ఇది ఎత్తు, కాలెత్తు."

"ఇది మన ప్రశ్నే కదక్కా!" నవ్వింది చిన్నది. "ఇంత సులువు. నీకెందుకు తట్టలేదో!"

కిందెక్కడో రాయి రాతితో ఒరుసుకుంది.

"అదే ఆఖరి మెట్టు. అయిపోయాయి." పెద్దది లైటు ఆర్పేసింది.

తల్లి నోట కేక వచ్చింది.

పెద్దది మళ్లీ లైటు వేసింది. ఆఖరి మెట్టు నడుమెత్తు లేచి ఉంది. ఇందాకటినుంచీ మెట్టుకీ మెట్టుకీ తేడా చూసింది. మెట్టుకీ నేలకీ చూడనేలేదు. చెల్లెలి కాలు అప్పటికే గాల్లో ఉంది.

ఫోను వదిలేసి రెండు చేతులూ చాచింది. చెల్లెలూ తడిబట్టలూ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి.

"బతికున్నావా?"

"నీ మోచెయ్యి నా పొట్టలోంచి తీస్తే చెప్తాను."

పెద్దది తియ్యలేదు. వదల్లేదు కూడా. వెనకాల మెట్లు ఒక్కొక్కటే సర్దుకున్నాయి.

"ఆఖరి అంకె," అంది పెద్దది. "దాని దాకా వెళ్లకుండానే ఆపేస్తున్నాను."

చిన్నది పడిపోయిన ఫోను వెతికి అక్క చేతిలో పెట్టింది.

పెద్దది లేచి ఒక్కచోట దిద్దింది. కరెంటు రాగానే పంపింది.

ఇద్దరి జవాబులూ సరైనవేనట. అనుభవం ఉందని ఉద్యోగం పెద్దదానికిచ్చారు. కబురు విని చిన్నది అక్కను వాటేసుకుంది, గెంతింది, అందరికీ ఫోన్లు చేసింది. ఆ సాయంత్రం ఆఖరి మెట్టు బొటనవేలంత పైకి లేచింది. పెద్దది చూసింది. అప్పటినుంచి చిన్నది దిగినప్పుడల్లా నేలదాకా లైటు పట్టింది.

కొత్త ఉద్యోగం మొదటిరోజు సాయంత్రమూ వానే. తల్లి గుమ్మంలో నిలబడింది. పెద్దది వచ్చింది. చిన్నది వచ్చింది. ఆయన బస్సు డ్యూటీ దిగి గొడుగు దులుపుకుంటూ వచ్చాడు. ముగ్గురు. ఎందుకో ఒకటి తక్కువనిపించింది. మళ్లీ లెక్కపెట్టింది.

తనతో కలిపి నలుగురు. తలుపు వేసింది.