గుండం మీద వేలాడిన తక్షకుడు

సిద్దిపేటలో ఒక కాలనీవాళ్లు నాగుల పంచమి సాయంత్రం ఆడే సర్పయాగం నాటకంలో తక్షకుడి వేషం ఇరవై రెండేళ్లుగా పర్శరాములుదే. ఇంకొకరికి ఎందుకిస్తాడు? రాజు వేషం ఎవరైనా కట్టవచ్చు గాని, గాల్లోకి లేచే భాగ్యం తక్షకుడొక్కడికే.

తండ్రిని పాము కరిచిందన్న పగతో జనమేజయ మహారాజు పాములన్నిటినీ హోమంలో వేయిస్తుంటే, తక్షకుడు పోయి ఇంద్రుడి సింహాసనాన్ని చుట్టుకుంటాడు. మంత్రం చదివే ఋత్విజుడు "సహేంద్ర తక్షకాయ స్వాహా" అని ఇంద్రుణ్ణీ కలిపి పిలవగానే ఇంద్రుడు హడలిపోయి చేతులెత్తేస్తాడు. అప్పుడు తాడు మీద పర్శరాములు లేచి గుండం మీద వేలాడతాడు. పాములకు మేనల్లుడైన బాలుడు ఆస్తికుడు వచ్చి "నిలు" అని మూడుసార్లు అంటేనే యాగం ఆగాలి, తక్షకుడు దిగాలి. ఆ మాట పడకముందే తాడు దించినా, తెర వేసినా ఇంటికి పాము వస్తుందని పెద్దల కట్టడి.

ఈసారీ పర్శరాములు దర్జాగా లేచాడు. పెళ్లాం స్వరూప పాత ఆకుపచ్చ చీరతో కుట్టిన తోక ఊపాడు. జనం ఈలలు వేశారు. ఆస్తికుడు గొడుగు పట్టుకొని వచ్చాడు. యాభై దాటిన ఆ బాలుడు పర్శరాములు బామ్మర్ది దత్తాత్రి. వచ్చి నిలబడి, పైకి చూసి, గొడుగు ముడిచి చంకలో పెట్టుకున్నాడు. నోరు మాత్రం తెరవలేదు.

పర్శరాములుకు సంగతి అర్థమైంది. బిడ్డ సంహిత పెండ్లి ఇంకా పది రోజులే. పెండ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి తేవలసినవాడు ఈ మేనమామే. "ముందుగాల మా తమ్మునింటికి పోయి బొట్టు పెట్టొద్దాం పా" అని స్వరూప వారం నుంచి పోరింది. "మనోడే గద, యాడికి పోతడు" అని పర్శరాములు రెండు వందల మందితో పాటు అతనికీ వాట్సాప్‌లో పత్రిక కొట్టేశాడు. దత్తాత్రి చూశాడు, మారుమాట పంపలేదు. చిన్న అలకే అనుకున్నాడు పర్శరాములు.

"అనరాదూ, జల్ది అను దత్తాత్రీ" అని పైనుంచి గుసగుసలాడాడు.

"ఏమనాలె బావా?" దత్తాత్రి జంధ్యానికి మైకు తగిలించి ఉంది. ఆ మాట గల్లీ చివరిదాకా మోగింది.

"నిలు అను!"

"ఫోన్ల పంపుత. చూస్కో."

జనం గొల్లుమన్నారు. ముందు వరుసలో స్వరూప కొంగు నోట్లో కుక్కుకుంది. ఋత్విజుడి వేషంలో ఉన్న కృపాకర్‌కు చెమటలు పట్టాయి. ఆదివారం చర్చిలో పాడే గొంతని అందరూ బతిమాలి కట్టించిన వేషం. తక్షకుడి తర్వాత పురాణంలో పాముల్లేవు, మంత్రం ఆపితే యాగం ఆగినట్టు. ఏం చేస్తాడు పాపం, "చేర్యాల జెర్రిపోతు స్వాహా! మిరుదొడ్డి కట్లపాము స్వాహా! ములుగు పసిరిక స్వాహా!" అని ఎత్తుకున్నాడు. ఒక్కో పాముకు ఒక్కో చప్పట్ల వాన.

ఇంతలో గుండంలో మంట ఎగసి తోక కొసకు నిప్పంటుకుంది.

"రాజనర్సూ, దించురా!" అని కేకేశాడు పర్శరాములు.

తాడు పట్టిన రాజనర్సు రెండు కాళ్లూ ఆనించి నిలబడ్డాడు. "మాట పడంది దించనే అన్నా. ఇంట్ల ముసలవ్వ ఉన్నది, పామొస్తె ఎవలు జవాబు?" అన్నాడే గాని, తాడు వదలకుండా కాలితోనే పక్కనున్న నీళ్ల బిందె తన్నాడు. నీళ్లు సగం తోక మీద, సగం జనమేజయ మహారాజు మీద పడ్డాయి.

"తప్పయింది బామ్మర్దీ!" అని అరిచాడు పర్శరాములు.

"నడక రానప్పుడు సంహితను భుజాన ఎక్కించుకొని బతుకమ్మ ఆటలన్ని తిప్పినోన్ని" అన్నాడు దత్తాత్రి. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. "పొద్దంత వాకిట్ల కూసున్న బావా, మీరు వస్తరని. ఫోన్ మోగింది."

కాటుక చెంపల మీదికి కారుతున్న ఆ బాలుణ్ణి చూసి పర్శరాములుకు నిజంగా సిగ్గేసింది. పాము వేషమని కాదు, రెండు వీధుల అవతలున్న ఇంటికి నడవనందుకు.

"కృపాకర్, గా కుంకుమ పళ్లెం మీదికెత్తు."

కృపాకర్ యాగానికి పెట్టిన పళ్లెం ఎత్తాడు. పర్శరాములు తాడు మీద అటూ ఇటూ ఊగి, వేలు ముంచి, దత్తాత్రి ముందుకు ఊగాడు. మొదటిసారి గొడుగుకు తగిలింది. రెండోసారి ముక్కు మీద పడింది. మూడోసారి దత్తాత్రే మునివేళ్ల మీద లేచి నుదురు ముందుకు పెట్టాడు.

"సంహిత పెండ్లికి నీ ఇంటామెను, పిల్లలను తీస్కొని రావాలె. నువ్వు లేంది నా బిడ్డ పందిట్లకు రాదు దత్తాత్రీ."

దత్తాత్రి గొంతు సవరించుకున్నాడు. "నిలు" అన్నాడు. "నిలు" అన్నాడు. మూడోది ఏడుపులో కలిసి సగమే వచ్చింది.

రాజనర్సుకు ఆ సగమే చాలు. తాడు వదిలేశాడు. ఊపులో ఉన్న తక్షకుడు వచ్చి ఆస్తికుడి మీద పడ్డాడు. ఇద్దరూ తడి తోకలో చుట్టుకొని వేదిక మీద దొర్లుతుంటే జనం లేచి కేకలు పెట్టారు. స్వరూప నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

కింద నలిగిన దత్తాత్రి ముక్కు మీది కుంకుమ తుడుచుకోకుండానే, ఊపిరి కూడదీసుకొని అడిగాడు.

"బావా, గంప మీ ఇంట్ల ఉన్నదా, నన్నే తెమ్మంటవా?"