సంచి పట్టిన సీటు

ఆ పొద్దు పుత్తూరు బస్టాండులో నా చేతిలో ఉన్నది ఒక గుడ్డ సంచి, అందులో మూడు పట్టుచీరలు. అవి చిత్తూరులో నిర్మలమ్మగారికి నచ్చితే, వాళ్లింటి పెండ్లి చీరలన్నీ నా అంగడిలోనే కొంటామన్నారు. పెట్రోలు దండగని కారు అమ్మేసి, బస్సులెక్కడం అప్పుడే మొదలుపెట్టాను.

బస్సు రాగానే అందరిలాగే సంచిని కిటికీలోంచి లోపలికి వేసి సీటు పట్టాను. ఎవరెవరి చెమటో ముఖానికి పూసుకుంటూ లోపలికి చేరేసరికి, ఆ సీట్లో ఒక పెద్దాయన ఉన్నాడు. విరిగిన చేతికి అప్పుడే కట్టించుకున్న పచ్చి కట్టును నా సంచి మీద ఆనించుకున్నాడు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన కలిసిన నీచు వాసన గుప్పుమంది.

"అది నా సీటప్పా! సంచి ఏసినాను, సూడలేదా?"

"సూసినాను. మెత్తగా ఉండాది, చేతికి సుకంగా ఉండాది," అంటూ ఆయన తీరిగ్గా పక్కకు జరిగాడు.

సంచి ఒళ్లో పెట్టుకుంటే అడుగంతా తడి. ఆ జిగురు నా పంచెకూ అంటింది. చిత్తూరు దాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

నిర్మలమ్మగారు మొదటి చీర మడత విప్పి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"పెండ్లి చీరలు తెమ్మంటే ఆమ్లెట్టు తెచ్చినావేమప్పా?"

మిగతా రెండూ విప్పనివ్వలేదు. బేరం వేరే అంగడికి పోయింది.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉన్నా, ఆ కంపుకి నా పక్కన ఎవరూ కూర్చోలేదు. మూడు చీరలూ ఒక పెండ్లి బేరమూ పోగా, ఆ పూట నాకు మిగిలిన లాభం ఆ ఖాళీ సీటు.