నెఫ్రో తర్వాతి ముక్క

చెంచులక్ష్మి మార్కాపురంలో నర్సింగు మొదటి ఏడాది చదువుతోంది. ఆదివారం హాస్టలు నుంచి ఇంటికి వచ్చేసరికి, నాయన యల్లయ్య గొర్రెలను ఇంకొకరికి అప్పగించి అరుగు మీద పడుకుని ఉన్నాడు. నడుం నొప్పికి స్కానింగు తీయించుకున్నాడట. డాక్టరు సోమవారం గానీ రాడు. ఈలోగా ఊళ్లో ఎవరో కాగితం చూసి, "ఇంత పొడుగు పేరంటే మామూలు రోగం గాదు మామా" అన్నారట. అప్పట్నుంచి మనిషి అన్నం సరిగ్గా తినడం లేదని తల్లి చెప్పింది.

"కాగితం ఇటియ్యి నాయనా."

యల్లయ్య జేబులోంచి తీసిచ్చాడు. నెఫ్రోలిథియాసిస్.

చేరిన కొత్తలో ఇలాంటి పేరు పైకి చదవమంటే నోరు తిరగక క్లాసులో నిలబడి ఏడ్చింది చెంచులక్ష్మి. పదో తరగతి దాకా తెలుగు మీడియమే మరి. అప్పుడు రాఘవమ్మ మేడమ్ చేతికి పెన్సిలిచ్చి, "మొత్తం ఒక్కసారే మింగబోకు. ముక్కలు చెయ్యి, ముక్కముక్కకీ అర్థం ఉంటాది" అని నేర్పింది.

ఇప్పుడు పెన్సిలుతో రెండు గీతలు గీసింది. నెఫ్రో, కిడ్నీ. చివర అయాసిస్, జబ్బున్న స్థితి. గడ్డల పేర్లకు చివర ఎక్కువగా వచ్చే 'ఓమా' లేదు. కానీ నడిమి ముక్క 'లిథ్' ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు. నాయన తన మొహంలోకే చూస్తున్నాడు.

"ఏందమ్మా, చెప్పగూడనిదా?"

"కాదు నాయనా, నాకే తెల్దు. ఉండు."

మిద్దె ఎక్కి మేడమ్‌కు ఫోన్ చేసింది.

"కోయడం సరిగ్గానే కోసినావు. లిథ్ అంటే రాయి" అంది మేడమ్. "అయినా మీ నాయన్ను డాక్టరుకు చూపించాల్సిందే."

చెంచులక్ష్మి గబగబా మెట్లు దిగింది. "రాయి నాయనా! కిడ్నీలో రాయి!"

"రాయా?" యల్లయ్య లేచి కూర్చున్నాడు. "దానికింత పేరెందుకు పెట్టినారే?"

తల్లి నవ్వింది. యల్లయ్య మాత్రం కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

సోమవారం మార్కాపురంలో డాక్టరు కూడా అదే చెప్పాడు. చిన్న రాయేనని, నీళ్లు బాగా తాగమని, మాత్రలు వాడి నెలకు మళ్లీ రమ్మని రాసిచ్చాడు. నాయనను ఊరివైపు పోయే దోర్నాల బస్సు ఎక్కించి చెంచులక్ష్మి క్లాసుకు వెళ్లేసరికి గంట ఆలస్యమైంది. మేడమ్ ఏమీ అడగకుండా హాజరు వేసింది.