ఎగువ ఊళ్ళలో వడగళ్ళు

"సరస్సు ఉత్తరపు ఒడ్డున ఓ మోస్తరు జల్లులు. దక్షిణాన ఉరుములు. ఎగువ ఊళ్ళలో రేపు మధ్యాహ్నం వడగళ్ళు" అని రేడియోలో అమ్మాయి, పెళ్ళి కబురు చెప్పినంత హాయిగా చెప్పింది. బసీలియా చేతిలోని బంగాళాదుంప జారి కింద పడింది. వాళ్ళది ఎగువ ఊరే.

వేసవి వానలకు దుంప చేలన్నీ ఊదారంగు పూత మీదున్నాయి. ఒక్క వడగళ్ళ వానకు ఏడాది తిండి మట్టిపాలవుతుంది. కానీ బసీలియా భయం తిండి గురించి కాదు. జ్ఞానస్నానం లేని పసిగుడ్డును ఎవరైనా గుట్టుగా పాతిపెడితే, వడగళ్ళు వెతుక్కుంటూ వస్తాయని, దాన్ని తవ్వి తీసి జ్ఞానస్నానం చేయిస్తేనే మబ్బు పోతుందని ఆ ఊరి నమ్మకం. మబ్బు దిగిందంటే పెద్దలు ఇంటింటికీ వచ్చి ఆడవాళ్ళను నిలదీస్తారు. రెండు నెలల కిందట, మొగుడు గనుల్లో పనికి పోయిన రోజుల్లో, బసీలియాకు ఐదో నెలలో కడుపు పోయింది. బిడ్డను తన ఎర్ర శాలువాలో చుట్టి చేలో మూడో సాలులో పాతింది. ఎవరికీ చెప్పలేదు. నిరుడు పక్క ఊళ్ళో ఇలాగే దాచిన ఒకామెను కొరడాతో కొట్టి ఊరు దాటించారు.

మర్నాడు మధ్యాహ్నానికి మబ్బు కొండ దిగింది. మగవాళ్ళు గట్ల మీద పచ్చిగడ్డి మంటలు వేసి పొగపెట్టారు. తారాజువ్వలు పేల్చారు. మబ్బు కదల్లేదు.

"దాచుకున్నది ఎవతో గాని నోరు తెరవదు. దాని మూలాన ఊరంతా పస్తులుండాలి" అంది అత్త మెల్చోరా, గుమ్మంలో కూర్చుని.

అంతలో ఊరి పెద్ద సెవెరో, భుజాన కొరడాతో, ఇద్దరిని వెంటేసుకుని వచ్చాడు.

"మెల్చోరమ్మా, మీ ఇంట్లో అలా పాతినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఇప్పుడే చెప్పండి. తర్వాత బయటపడితే నా చేతుల్లో ఉండదు."

"ఉన్నారు" అంది అత్త.

బసీలియా గోడ పట్టుకుంది. అయిపోయింది, తెలిసిపోయింది అనుకుంది.

"నేనే. ఆ కొరడా దించవోయ్. నీకింకా ముక్కు చీదుకోవడం రాని రోజుల్లో, గొర్రెల దొడ్డి గోడ కింద పాతాను. ఆడపిల్ల. పోయి తవ్వుకో."

సెవెరో కొరడా దించాడు. ప్రతి వేసవీ మబ్బు పట్టగానే దాచినవాళ్ళను ఊళ్ళో అందరికంటే ముందు తిట్టిపోసేది ఈ మెల్చోరానే. వాళ్ళు గునపాలు పట్టుకుని దొడ్డి వైపు నడిచారు.

అత్త కోడలి వైపు తిరిగింది. "రెండు నెలలుగా నీ ఎర్ర శాలువా దండెం మీద కనబడట్లేదేమే?"

బసీలియా ఏడ్చేసింది. "కొడతారత్తా."

"కొడితే ఇద్దర్నీ కొడతారు. నలభై ఏళ్ళు, ఉరిమినప్పుడల్లా చచ్చాను. నాలా బతకొద్దు. లే."

మొదటి వడగల్లు రేకు మీద ఠంగుమంది. బసీలియా లేచి వాకిట్లోకి వచ్చి కేకేసింది.

"పెద్దాయనా, ఆగండి! మా చేలో మూడో సాలు కూడా తవ్వాలి."