సిద్ధాంతిగారి వెబ్‌సైటు తెఱచుకొనని బుధవారము

శ్రావణ బహుళమున నొక బుధవారము ప్రాతఃకాలమునుండి యెడతెగక కురిసిన వాన యించుక తెరిపి యిచ్చినంతనే నీలమేఘాంతరాళమునుండి వెడలిన లేయెండ పిఠాపురమందలి వేమకోటి యజ్ఞనారాయణ సిద్ధాంతిగారి పెంకుటింటి సావడి జొచ్చి నలువదేండ్ల పంచాంగముల దొంతరలను వాని చెంతనున్న కంప్యూటరును దాని యెదుట దిక్కుతోచక కూర్చున్న కోడలు హైమవతిని సమానముగా ప్రకాశింపజేయుచుండెను.

పంచాంగగణనము మామగారిది. దానిని వెబ్‌సైటున కెక్కించుట హైమవతిది. ఆ యుదయమే కాకినాడనుండి సుభద్రమ్మ యను నొక యిల్లాలు ఫోను చేసెను.

“మీ పేజీ చూసి మా మావగారి షష్ఠి తద్దినం శుక్రవారం పెట్టుకున్నామండీ. మా పంతులుగారేమో గురువారం అంటున్నారు. ఏది సరైందండీ?”

గణితము తిరుగవేసి చూడగా పంతులుగారిదే నిజమయ్యెను. తద్దినమునకు మధ్యాహ్నము దాటిన అపరాహ్ణమందున్న తిథిని గ్రహింపవలసియుండగా హైమవతి సూర్యోదయమందున్న తిథిని పట్టుకొని శుక్రవారమని వ్రాసియుండెను. సిద్ధాంతిగారు కోపపడలేదు. అదియే యామెకు మఱింత కష్టముగా నుండెను.

“ఆవిడ అడిగింది కనక తెలిసింది. అడగనివాళ్ల సంగతేమిటమ్మా?” అని మాత్ర మాయన యనిరి.

గురువారము రేపే. ఎందఱి యిండ్ల పితృకార్యములు తన మూలమున తప్పిపోవునో యని తలచి హైమవతి వెబ్‌సైటు నిర్వాహకుల లాగిన్ పేజీని తెఱవబోయెను. ఆ పేజీ తెఱచుకొనదయ్యెను. ఈ మార్గము సురక్షితము కాదను నొక హెచ్చరిక మాత్రము తెల్లని తెరపై నిలిచెను. ఫోనున జూచిన నదే వెబ్‌సైటు చక్కగా తెఱచుకొని ఆ తప్పుడు శుక్రవారమును లోకమునకు నిర్లజ్జగా చూపుచుండెను. ఫోనునుండియే లోనికి పోవుదమన్న పాస్‌వర్డు కంప్యూటరుకు జ్ఞాపకమున్నదిగాని యామెకు లేదు. క్రొత్తది కోరినచో దాని ఈమెయిలు వెబ్‌సైటు కట్టియిచ్చి యెటకో వెడలిపోయిన వాని చిరునామాకు పోవును.

వెబ్‌సైటునకు చోటిచ్చిన కంపెనీవారి నడుగగా, “మా వైపు అంతా బాగానే ఉంది మేడమ్. కాష్ క్లియర్ చేసి చూడండి,” అని యొక యువతి చెప్పెను. హైమవతి పాత పేజీల నకళ్లు తుడిచి యదియు చేసెను. కంప్యూటరు నార్పి వెలిగించెను. వైఫై పెట్టె తీగ లూడబీకి మరల తగిలించెను. అంతకుముందు లాగిన్ పేజీ యొక్కటియే తెఱచుకొనలేదని తలచినది యిప్పుడు చూడగా కంప్యూటరున నే పేజీయు తెఱచుకొనుట లేదు. అదే వైఫై మీద ఫోనున నన్నియు తెఱచుకొనుచున్నవి. తప్పెక్కడనో యెంత యోచించినను ఆమెకు తెలియరాలేదు.

అంతట కంప్యూటరు సంగతి యేమియు నెఱుగని సిద్ధాంతిగారు కండ్లజోడు సవరించుకొనుచు వచ్చి తెర నంతయు విడిచి తనకు తెలిసిన దొక్కటియే చదివిరి.

“అమ్మాయీ, ఈ మూల ఏప్రిల్ ఏడంటుందేమిటి? ఉగాది వచ్చేసిందా?”

హైమవతి నాలుక కఱచుకొనెను. తిథులు లెక్కించు వారి పాత ప్రోగ్రాము కంప్యూటరున నే తేది యుండిన నా తేదికే తిథి చూపును. వచ్చు సంవత్సరపు గణితము సరిచూచుటకై నిన్నటి సాయంకాలము కంప్యూటరును రాబోవు నుగాదికి జరిపి వెనుకకు దెచ్చుట మఱచినది. ప్రతి వెబ్‌సైటు తన గుర్తింపుపత్రమున కొక గడువు కలిగియుండును. ఏప్రిల్ నెలలో కాపురమున్న కంప్యూటరు అందఱి గడువులును తీఱినవని యెంచి యెవ్వరిని నమ్మక తలుపులు మూసికొనెను. తేది సరిచేసినంతనే లాగిన్ పేజీ తెఱచుకొనెను.

ఆమె గురువారమని దిద్ది క్రింద, “ఇంతకుముందు శుక్రవారమని తప్పు వ్రాసితిమి. పొరపాటు హైమవతిది” అని చేర్చెను. సిద్ధాంతిగారు దానిని చదివిరి.

“పంచాంగం మీద ఎవరి పేరుందమ్మా?”

“మీదేనండి మామయ్యగారూ.”

“అయితే ఇక్కడా అదే పెట్టు.”

నలువదేండ్లుగా నే తప్పు క్రిందను చేరని యా పేరును హైమవతి తన పేరు తుడిచి వ్రాసెను. గడియ దాటకమునుపే అనకాపల్లినుండి యెవరో ఫోను చేసిరి.

“దిద్దింది ఇప్పుడే చూశానండీ. రేపు మా అమ్మ తద్దినం. దాటిపోయేది.”

తా నెన్నడును జూడని యా తల్లి కొఱకు హైమవతికి కన్నులు చెమర్చెను. ఎదుట కంప్యూటరు మూలను ఇంకను బుధవారమే యుండెను.