గున్నమ్మ ఎడమ చెయ్యి

చనిపోయిన రోజు పొద్దున్న కూడా సుభద్రమ్మ తన మొగుడు జగన్నాధంతో, "కాస్త అలుపుగా ఉన్నాది" అని మాత్రమే అంది. ఆ మాట అని, నానిన గోగునార ఉతికి, ఆరేసి, అన్నం వార్చి మరీ పోయింది. ఆవిడ ఎడమ చెయ్యి రుద్దుకోవడం జగన్నాధం చూశాడు. నార ఉతికిన నొప్పి అనుకున్నాడు.

దినకార్యాలయ్యాక ఇల్లు చూసుకోడానికి జగన్నాధం తోడబుట్టిన అప్ప గున్నమ్మ ఉండిపోయింది. వారం తిరక్కుండా ఆవిడా అదే చెయ్యి అలాగే రుద్దుకుంటోంది. మర్నాడే జగన్నాధం ఆమెను చీపురుపల్లిలో నాలుగు మంచాల ఆసుపత్రి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆడవాళ్ల జబ్బు వెంట వచ్చిన మగవాడే చెప్పాలి. అది అక్కడి మర్యాద. చెయ్యి లాగుతోందని, నాలుగడుగులకే ఆయాసమని, చెమటలని జగన్నాధం చెప్పాడు. డాక్టరు తలెత్తకుండా, "ఈ వయసు ఆడవాళ్లకి మామూలే" అని బలానికి ఎర్రమందు రాశాడు. వరసలో వెనకే ఉన్న ఎర్రన్న అనే అతను తనకూ అవే బాధలని ఒక మూలుగు చేర్చి చెప్పాడు. అతన్ని వెంటనే మంచమెక్కించారు.

జగన్నాధానికి దారి దొరికింది. మర్నాడు అప్పను వరండాలో కూర్చోబెట్టి, ఆమె బాధలన్నీ తనవిగా చెప్పుకొచ్చాడు. మూలుగు మరవలేదు. తనకిచ్చే మందు పట్టుకెళ్లి ఆమె చేత మింగించాలని అతని ఆలోచన. డాక్టరు అతని గుండె మీద గొట్టం పెట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"పద్నాలుగు రోజులు మంచం దిగకూడదు."

"బాబూ, నొప్పి నాది కాదండి. మా అప్పది."

"గుండె నీరసిస్తే ఇలాగే మాట్లాడతారు" అని డాక్టరు అదీ రాసుకుని గున్నమ్మను పిలిపించాడు.

"నాకేటీ నేదు బాబూ" అంది ఆవిడ. "పెళ్లాం పోయినకాడినించీ ఆడికే మతి నేదు. ఆణ్ణి సూడండి."

మాత్రలు కాంపౌండరే నోట్లో వేసి, నాలుక ఎత్తించి చూసి వెళ్తాడు; ఒక్కటీ అప్పకి దాచడానికి వీల్లేదు. గున్నమ్మ రోజూ మూడు మైళ్లు నడిచి గంజి తెస్తుంది.

"రావొద్దంటే ఇనవేటప్పా. సెయ్యి ఎలాగున్నాది?"

"మంచమెక్కినోడివి నువ్వు. నన్నడుగుతావేట్రా?" అంటూ కుడి చేత్తోనే అతని కాళ్లు పిసుకుతుంది.

"అదురుష్టమంతుడివి బావా" అంటాడు పక్క మంచం మీది ఎర్రన్న. "నన్ను సూసీవోళ్లు నేరు."

పద్నాలుగులో ఇంకా తొమ్మిది రోజులున్నాయి. గున్నమ్మ గుండె మీద ఇంతవరకు ఎవరూ గొట్టం పెట్టలేదు.