రంగు దిగిన మొక్క

ఆ వీధిలో లాండ్రీ నడిపే మనిషికి కన్నవాళ్ళు పెట్టిన పేరేదో ఉండే ఉంటుంది. వీధికి మాత్రం అతను ఊదా. ఆ పేరు ఊరికే రాలేదు. కొన్నేళ్ళ కిందట ఓ పాటల పంతులమ్మగారి కొత్త ఊదారంగు కర్టెన్‌ని, ఆసుపత్రి వాళ్ళ తెల్లకోట్లతో కలిపి ఒకే మిషన్లో వేసేశాడు. నెల తిరిగేదాకా డాక్టర్లందరూ వంకాయ పువ్వుల్లా తిరిగారు. రోగులకు జబ్బులు తగ్గాయో లేదో గానీ నవ్వుకు మాత్రం లోటు లేకపోయింది. అంత జరిగినా ఊదా తప్పు ఒప్పుకున్నాడా అంటే, లేదు. కౌంటరు వెనక నిలబడి, కోటు అంచు రెండు వేళ్ళతో నలిపి చూసి, పెద్ద డాక్టరు మొహం మీదే "బట్టలోనే లోపం ఉందండీ" అన్నాడు.

ఆ ఒక్క మాట మీదే అతని వ్యాపారం నడుస్తోంది. చొక్కా కుంచించుకుపోతే బట్టలోనే లోపం. గుండీ ఊడితే బట్టలోనే లోపం. ఒకాయన ప్యాంటు మొత్తానికే కనబడకుండా పోయినప్పుడు కూడా అలవాటు కొద్దీ ఆ మాటే అనబోయి నాలిక కరుచుకున్నాడు. ఆడలేక మద్దెల ఓడనడం మనందరికీ ఉన్న జబ్బే. ఊదాకి అది కాస్త ముదిరింది, అంతే.

ఇలాంటి మనిషికి పక్క కొట్టు దర్జీ ఆవిడ మీద మనసు పడింది. ఇవాళా నిన్నా కాదు, ఏళ్ళ నుంచీ. ఆవిడకి నలభై దాటాయి. వీధిలో సగం మంది పెళ్ళిబట్టలు ఆవిడే కుట్టింది గానీ తనకంటూ ఒక జత కుట్టుకునే సందర్భం రాలేదు. తూకంగా మాట్లాడుతుంది. నవ్వితే మాత్రం మిషన్ ఆపి మరీ నవ్వుతుంది. ఆ నవ్వు గోడ ఇవతలికి వినబడ్డ రోజు ఊదా ఒకే దుప్పటిని రెండుసార్లు ఉతికేవాడు. అడుగుదామని బయల్దేరడం, గుమ్మం దాకా వెళ్ళడం, "సూది ఉందాండీ" అని సూది పట్టుకుని వెనక్కి రావడం. అతని దగ్గర ఇప్పుడు చిన్న కొట్టు పెట్టుకునేటన్ని సూదులున్నాయి.

ఇలా ఉండగా దర్జీ ఆవిడకి చెల్లెలి కానుపుకి వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళేముందు, కొత్తగా కొనుక్కున్న పూలమొక్క కుండీ తీసుకొచ్చి లాండ్రీ వసారాలో పెట్టింది. మోకాలెత్తు పొద. ఏడాది పొడుగునా ఆకు రాల్చని రకమట. వేడి ఊళ్ళలో బాగా బతుకుతుందట. కొమ్మ కొమ్మకీ మొగ్గలున్నాయి. ఆకులు మాత్రం కాస్త పసుపెక్కి ఉన్నాయి.

"ఊదారంగు పూలు పూస్తాయండీ. నేనొచ్చేసరికి విచ్చుకుంటాయేమో. కాస్త చూసి పెడతారా?" అంది.

వీధిలో వాళ్ళు ఊరుకుంటారా? "వెతికి వెతికి ఊదాకే ఇచ్చావా తల్లీ! ఉన్న రంగు కాస్తా పోతుంది" అన్నారు. ఆవిడ వాళ్ళ మాట వినిపించుకోలేదు. ఆ సంగతి చెవిన పడ్డప్పటి నుంచీ ఊదా నేల మీద నడవడం మానేశాడు.

లాండ్రీలో ఇస్త్రీ పని అతని అక్కది. ఆవిడ నాలుక ఇస్త్రీపెట్టె కన్నా వేడి. "ఒరేయ్, ఆవిడ మొక్క ఇవ్వలేదురా, నీకు పరీక్ష పెట్టింది. పూలు పూయించి చూపించావనుకో, ఆ రోజే నోరు తెరిచి అడుగు. చంపావనుకో, ఇక సూదులు కూడా అడక్కు" అని తేల్చి చెప్పేసింది.

బస్సు కదిలే వేళకి ఊదాకి అసలు సంగతి గుర్తొచ్చింది. కిటికీ పక్కన పరిగెడుతూ, "ఏమండీ! నీళ్ళెప్పుడు పొయ్యాలీ?" అని అరిచాడు. ఇంజను మోతలో ఆవిడకి ఏం వినబడిందో ఏమో, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, నవ్వి, "నిన్నా ఇవాళా రేపూ!" అని గట్టిగా చెప్పింది. బస్సు వెళ్ళిపోయింది.

ఊదా ఆ మాట మోసుకుంటూ కొట్టుకి వచ్చాడు. "అక్కా, ఇవాళ పోస్తాను. రేపు పోస్తాను. నిన్న ఎలా పొయ్యనే?"

"రోజూ పొయ్యమని రా దాని అర్థం."

"రోజూ అంటే రోజూ అనే అనేది కదా. ఆవిడ మాటంటే కొలత తీసినట్టుంటుంది." కాసేపు ఆలోచించి, నిన్నటి బాకీ కూడా ఇవాళే తీర్చేద్దామని ఇంకో చెంబు పోశాడు. అక్క కుండీ పక్కకి వంచి నీళ్ళన్నీ పారబోసింది. "మొక్కని పెంచమంటే చేపల్ని పెంచేట్టున్నావు" అంది.

ఊదాకి మొక్కల సంగతి తెలియదు. తెలిసిందల్లా బట్టల సంగతి. అందుకని మొక్కని కూడా ఖరీదైన బట్టలాగే చూసుకున్నాడు. మధ్యాహ్నం ఎండకి రంగు బట్టలు వెలుస్తాయి కాబట్టి, పొద్దుటెండ తగిలాక కుండీని నీడకి జరిపేవాడు. తడి ఆరితే ముడతలు పడతాయని మట్టి తడిగా ఉంచేవాడు. బట్టల రంగు నిలవడానికి కడపటి నీళ్ళలో వెనిగర్ వేసే అలవాటు ఉంది కాబట్టి, మొక్క నీళ్ళలోనూ బక్కెట్టుకి ఓ మూతెడు కలిపేవాడు. విచిత్రమేమిటంటే, ఆ పొదకి కావలసినవి సరిగ్గా అవే. పులుపు తగిలిన నేల, ఆరని తడి, మధ్యాహ్నం నీడ. పసుపెక్కిన ఆకులు నిగనిగలాడే పచ్చకి తిరిగాయి. తను చేసింది ఎందుకు పనిచేసిందో ఊదాకి తెలియదు. పనిచేసిందని మాత్రం వీధంతా తిరిగి చెప్పాడు.

ఒక పొద్దున మొదటి మొగ్గలు విచ్చాయి. చిక్కటి ఊదారంగు. ఊదా ఆ పూల ముందు చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. జీవితంలో ఆ రంగు అతనికి మేలు చెయ్యడం అదే మొదలు. దారిన పోయే వాళ్ళని పిలిచి మరీ చూపించాడు. అక్క కూడా పెట్టె పక్కన పెట్టి వచ్చి చూసి, "బతికిపోయావురా" అంది.

మర్నాడు పొద్దున లేస్తూనే కుండీ దగ్గరికి వెళ్ళాడు. నిన్నటి పూలు వెలిసిపోయాయి. నాలుగుసార్లు ఉతికిన చొక్కాలా లేత ఊదాలోకి దిగాయి. పక్కనే కొత్తగా విచ్చినవి మాత్రం నిఖార్సైన రంగులో ఉన్నాయి. ఆ మర్నాడు మొదటి పూలు మల్లెల్లా తెల్లబడ్డాయి, రెండోవి వెలిశాయి, మూడోవి నిగనిగలాడుతున్నాయి. వేరే ఎవరైనా అయితే ఇదేదో మొక్క స్వభావమేమో అనుకునేవారు. ఊదాకి ఆ ఆలోచనే రాలేదు. తన దగ్గర ఎంత ఎక్కువసేపుంటే అంత వెలుస్తున్నాయి! ఇన్నేళ్ళుగా జనం అంటున్నది నిజమేనన్నమాట. ఆఖరికి దేవుడు వేసిన రంగు కూడా తన చేతిలో నిలవలేదు.

"ఉప్పు నీళ్ళక్కా! కొత్త బట్టకి ఉప్పు నీళ్ళు పెడితే రంగు దిగదు" అని డబ్బాతో బయల్దేరాడు.

అక్క అడ్డం నిలబడింది. "ఉప్పు పోస్తే వేరు మాడి చస్తుంది. ఆ తర్వాత నిన్ను నేను చంపుతాను."

సరే, వేరుకి వద్దంది గానీ పువ్వుకి వద్దనలేదు కదా అని, గ్లాసులో ఉప్పునీళ్ళు కలిపి, కొమ్మని మెల్లిగా వంచి ఒక్కో పువ్వునీ ముంచాడు. పువ్వులు రంగు పట్టుకోలేదు సరికదా, రెండు గ్లాసులోనే రాలిపోయాయి. గోరుచుట్టు మీద రోకలిపోటులా, సరిగ్గా అప్పుడే దర్జీ ఆవిడ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది, తల్లీపిల్లా క్షేమం, మర్నాడు మధ్యాహ్నానికి వచ్చేస్తోందట.

"పూలెలా ఉన్నాయండీ?" అని అడిగింది.

"బ్రహ్మాండంగా ఉన్నాయండీ" అని ఫోను పెట్టేసి, తెల్లబడ్డ పూలకన్నా తెల్లగా కుర్చీలో కూలబడ్డాడు.

ఆ రోజంతా గిరాకీలతో మాట్లాడలేదు. ఎవరో చొక్కా మీద మరక పోలేదని గొడవ పెట్టుకోవడానికి వస్తే, "మీ ఇష్టమండీ" అన్నాడు. గొడవకొచ్చిన మనిషి భయపడి, ఒంట్లో బాగుందా అని అడిగి వెళ్ళాడు. ఊదాకి పూల బెంగ ఒక్కటే కాదు. ఆవిడ అందరి మాటా కాదని తనని నమ్మింది. తనని అలా నమ్మిన మనిషి ఆవిడ ఒక్కతే. రేపు ఆ కుండీ చూసి ఆవిడ ఏమీ అనకుండా, తూకంగా ఓ నవ్వు నవ్వి ఊరుకుంటుంది. ఆ నవ్వు తలుచుకుంటే అతనికి అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున కొట్టు తెరవకముందే, మాసిన ప్యాంట్లకి కొత్త రంగు వేసే పొడి డబ్బాల్లోంచి ఊదారంగు డబ్బా తీశాడు. మరకలు తుడిచే సన్నటి కుంచె తీశాడు. వెలిసిన పూలకీ తెల్లబడ్డ పూలకీ రేక రేకకీ రంగు వేయడం మొదలుపెట్టాడు. అక్క తలుపు తీసుకుని వచ్చి ఆ దృశ్యం చూసింది.

"నీకు మతి పోయిందిరా" అంది. కానీ తమ్ముడి మొహం చూసి మెత్తబడింది. "ఆ కొసన ఒకటి వదిలేశావు చూడు" అంది.

దర్జీ ఆవిడ బస్సు దిగి సంచీతో నేరుగా వసారాకే వచ్చింది. వస్తూనే ఆకులు చూసి "అమ్మో! ఎంత పచ్చబడింది!" అని మురిసిపోయింది. ఊదాకి నెత్తిన పాలు పోసినట్టయింది. తర్వాత ఆవిడ వంగి పూలు చూసింది. ఇంకోసారి చూసింది.

"తెల్లవి లేవేమండీ?" అంది.

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, "తెల్లవా? తెల్లవెందుకుంటాయండీ? మా దగ్గర తెల్లవే లేవు!" అన్నాడు ఊదా.

ఆవిడ ఓ పువ్వుని వేళ్ళతో సుతారంగా పట్టుకుంది. వదిలేసరికి బొటనవేలూ చూపుడువేలూ ఊదారంగయ్యాయి. వేళ్ళ వంక చూసుకుంది. అతని వంక చూసింది. ఇస్త్రీబల్ల దగ్గర అక్క పెట్టెని గాల్లోనే ఆపేసింది. ఆ మాట తమ్ముడి నాలుక చివరి దాకా వచ్చి ఉంటుందని అక్కకి తెలుసు. చెప్పడానికి వీలుగానే ఉంది కూడా. పువ్వులోనే లోపం ఉందండీ, అంటే సరిపోయె.

ఊదా ఆ మాట అనలేదు. వెనక దాచిన కుంచె ముందుకి తీశాడు.

"నేనే పాడు చేశానండీ" అన్నాడు. "మొక్క మంచిదే. పూలు మంచి రంగులోనే పూశాయి. నా దగ్గర నిలవలేదు. రోజు రోజుకీ వెలిసి తెల్లబడిపోయాయి. ఉప్పునీళ్ళలో ముంచాను, దానికీ ఆగలేదు. మీరు బాధపడతారని ఇవాళ పొద్దున రంగు వేశాను. తప్పంతా నాదేనండీ. మొక్కలో ఏ లోపమూ లేదు."

దర్జీ ఆవిడ రంగంటిన వేళ్ళతో కుండీ చూపించింది. "నేను వెళ్ళేటప్పుడు మీరు దీని పేరు అడిగారు కదా. ఏం చెప్పాను?"

"పేరు నేను అడగలేదండీ, మీరు చెప్పలేదు. నీళ్ళెప్పుడు పొయ్యాలంటే, నిన్నా ఇవాళా రేపూ అన్నారు."

"అదే దాని పేరు!" అంది ఆవిడ. "నర్సరీ వాళ్ళు అలాగే పిలుస్తారు. విచ్చిన రోజు ఊదా, మర్నాడు లేత రంగు, ఆ మర్నాడు తెలుపు. మూడు రంగులూ ఒకే చెట్టు మీద కనిపిస్తాయనే ఏరికోరి కొన్నాను." ఇంక మాట సాగలేదు. నవ్వు వచ్చేసింది. సంచీ వదిలేసి వసారా మెట్టు మీద కూచుని, రంగు వేళ్ళతోనే కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. బుగ్గలన్నీ ఊదా అయిపోయాయి.

అక్క ఇస్త్రీపెట్టె ఠపీమని పెట్టి నెత్తి కొట్టుకుంది. "ఇన్నేళ్ళకి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నిజంగా బట్టలోనే ఉందిరా ఆ గుణం! ఆ ఒక్కసారీ నువ్వు తప్పు ఒప్పేసుకున్నావు!"

ఊదాకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మెట్టు మీద ఆవిడ నవ్వడం ఆపింది. ఆపి అతని వైపు చూస్తోంది. అది అతను భయపడ్డ నవ్వూ కాదు, భయపడ్డ చూపూ కాదు. ఇప్పుడు అడగకపోతే మళ్ళీ సూదే అడుగుతానని అతనికే తెలిసిపోయింది.

"ఏమండీ," అన్నాడు. చేతిలో కుంచె ఇంకా అలాగే ఉంది. "మీరంటే నాకు చాలా ఇష్టమండీ. ఎప్పట్నుంచో. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

దర్జీ ఆవిడ లేచి నిలబడింది. కొంగు దులుపుకుంది. దాని మీద కూడా రంగు అంటి ఉంది. కొత్త చీర. చూసుకుని నిట్టూర్చింది.

"చేసుకుంటానండీ," అంది. "నా బట్టలు మాత్రం నేనే ఉతుక్కుంటాను."